మెజరబుల్ మీద కొన్ని తలకిందుల సలహాలు

ఫారం చేతికి రాగానే "మెజరబుల్ అవుట్‌కమ్" అని ఉన్న గడిని వదిలేయండి. శిక్షణ ఇచ్చేవాళ్లు ముందు దాన్నే నింపమంటారు, పై ఆఫీసు వాళ్లూ అదే అంటారు. మీరు మాత్రం దాని దగ్గరికి అన్నిటికంటే చివర్న రండి. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఈ ఏడాది మీ పనివల్ల ఎవరికి ఏం జరిగిందో మీ పిన్నికి చెబుతున్నట్టు తెలుగులో రాయండి. అందులో ఒక్క అంకె కూడా వేయకండి. ఆ కాగితం పూర్తయ్యాకే లెక్కల పుస్తకం తెరవండి.

ఇది తప్పుడు సలహా అని నా ముఖం మీదే చెప్పినవాళ్లున్నారు. వాళ్లలో నేను గౌరవించే మనుషులూ ఉన్నారు. ఇది పాటిస్తే నష్టం ఉండొచ్చు, ఆ సంగతి దాచను. రెండేళ్లు నాకు జీతం పెరగలేదు. అయినా పల్నాడు ఊళ్లలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో కూర్చుని, కార్యకర్తల తెలుగు నివేదికల్ని పద్దెనిమిదేళ్లు ఇంగ్లీషులోకి మార్చాక, ఇంతకంటే మంచి సలహా నాకు దొరకలేదు. నా బల్ల మీదికి రోజూ వచ్చిన మాట మెజరబుల్. ఆ మాట ఏం చెబుతుందో, ఏం చెప్పదో సరిగా తెలుసుకోకుండా వాడి మేం పోగొట్టుకున్నది చాలా ఉంది. ఇప్పుడు ఆ కుర్చీల్లోకి వస్తున్న పిల్లలు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

నిఘంటువులో మాట తేలికే. మెజర్ అంటే కొలవడం, చివర ఉన్న ఏబుల్ అంటే వీలు కావడం. కొలవడానికి వీలైనది మెజరబుల్. చిక్కు వచ్చింది మనం దాన్ని తెలుగు చేసినచోట. మొదటి నాలుగైదేళ్లు నేనూ "కొలవదగిన" అనే రాశాను. మన "తగిన" వట్టి వీలును చెప్పి ఊరుకోదు, అర్హతను కూడా అంటగడుతుంది. చూడదగిన ఊరంటే చూసి తీరాల్సిన ఊరు. నమ్మదగిన మనిషి అంటే మన నమ్మకానికి తగినవాడు. చెప్పుకోదగ్గ వాన అంటే నలుగురూ చెప్పుకునేంత వాన. అందుకే "కొలవదగిన ఫలితం" అనగానే తెలుగు చెవికి అది గొప్ప ఫలితంలా వినబడుతుంది. ఇంగ్లీషు మాటలో ఆ గొప్ప లేదు. గుమ్మం ముందు విడిచిన చెప్పుల బరువు కూడా మెజరబులే. ఆ బరువు ఎవరికీ అక్కర్లేదన్నది వేరే సంగతి.

కాబట్టి "కొలతకు అందే" అని రాయండి, లేదా "కొలిచేందుకు వీలైన" అనండి. "తగిన"ను మాత్రం ఈ మాట దరిదాపుల్లోకి రానివ్వకండి. పెద్దలు వ్యాకరణం ప్రకారం "కొలవదగిన" తప్పు కాదంటారు. వ్యాకరణం తప్పని నేనూ అనడం లేదు. ఆ మాట వెనక నడిచివచ్చే దాని వ్యతిరేకపదం చేసే హాని గురించి నా బాధ. ఒక ఏడు కార్యకర్తలందరికీ సూచనల కాగితం పంపాం. రాసింది నేనే. అందులో "కొలవదగనివి నివేదికలో రాయవద్దు" అన్నాను.

మా కార్యకర్తల్లో అందరికంటే పెద్దావిడ తన నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసేది. నెలనెలా నేను ఎదురుచూసే నోటుబుక్కు అది. అంతకుముందు నెల అందులో ఇలా ఉంది: ఫలానా ఇంటి కోడలు ఈసారీ మీటింగుకు రాలేదు, కానీ నేను వాళ్లింటికి వెళ్తే గడప దాకా వచ్చింది, అత్త మంచం మీద కూర్చుని వింటుండగానే తన పేరు చెప్పింది. మూడేళ్లుగా ఆ ఇంటికి తిరిగితే జరిగిన సంగతి అది. నేను దాన్ని ఇంగ్లీషులో "మీటింగుకు హాజరైనవారు 14" అని మార్చాను. ఆ కోడలు ఆ 14 మందిలో లేదు. సూచనల కాగితం అందాక, తర్వాతి నెల నోటుబుక్కులో హాజరు ఒక్కటే ఉంది. ఏమ్మా, మిగతావి రాయలేదేం అని అడిగితే, "రాయదగ్గవి కావు గదా మేడం" అంది. ఆవిడ కోపంగా అనలేదు. మేం చెప్పిందే మాకు తిరిగి చెప్పింది.

అందుకని రెండో సలహా. మీ కింద పనిచేసేవాళ్లకు కొలతకు అందనివి రాయొద్దని ఎప్పుడూ చెప్పకండి. పై ఆఫీసుకు అక్కర్లేకపోతే పంపేటప్పుడు మీరు తీసి పక్కన పెట్టుకోండి. కానీ అవి పుట్టేచోట ఆపకండి. ఒకసారి ఆగిన చేయి మళ్లీ రాయదు. ఆ పెద్దావిడ చేత మళ్లీ రాయించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

మెజరబుల్ అనే మాటకు ఇప్పుడు వాడుక తగ్గిపోయిన పాత అర్థం ఒకటి ఉంది. అది తెలిస్తే దానిమీద భయం పోతుంది. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్, కాంటర్‌బరీ టేల్స్ మొదట్లో ఒక వైద్యుణ్ణి పరిచయం చేస్తూ ఆయన తిండి మెజరబుల్ అంటాడు. గ్రాముల లెక్కన తూచుకుని తినేవాడని దానర్థం కాదు, మితంగా తినేవాడని. మన మితం కూడా సరిగ్గా అలాగే పుట్టింది. మితమంటే కొలిచినది, మితాహారి అంటే హద్దు తెలిసి తినేవాడు. సంస్కృతంలో "మా" అనే ధాతువుకూ లాటిన్లో కొలతను చెప్పే మాటకూ మూలం ఒకటే. మానం, పరిమాణం, మాత్ర అన్నీ ఆ ఇంటివే. మాత్ర పద్యంలోనూ కొలతే, మందుల షాపులోనూ కొలతే. ఇంగ్లీషులో ఆ మితం అర్థం ఇప్పుడు "మెజర్డ్" అనే మాటకు మిగిలింది. మెజర్డ్ రిప్లై అంటే నోరు పారేసుకోకుండా ఆచితూచి ఇచ్చిన జవాబు. మన ఆచితూచిలో కూడా తక్కెడ ఉంది చూడండి. ఉత్తరాల్లో ఈ రెంటినీ తారుమారు చేసేవాళ్లు ఎక్కువ. ఆచితూచి మాట్లాడారని చెప్పడానికి మెజరబుల్ అని రాయకండి. ఇమ్మెజరబుల్ అన్నది ఇంకో రకం. అది కొలత లేదని చెప్పే మాటలా కనబడినా, వాడుకలో "అపారం" అనే అర్థం. మీ పథకం ఫలితం కొలవడం కుదరలేదని చెప్పబోయి ఇమ్మెజరబుల్ అని రాస్తే, అపారమైన ఫలితం వచ్చిందని గొప్పలు పోయినట్టవుతుంది.

ఇప్పటి వాడుకలో మెజరబుల్‌కు రెండో అర్థం కూడా ఉంది. మెజరబుల్ డిఫరెన్స్ అంటే గుర్తుపట్టగలిగినంత తేడా. ఈ అర్థాన్ని నేను నేర్చుకున్నది నిఘంటువులో కాదు, అంగన్‌వాడీ వాకిట్లో. గుండ్రటి ముఖం ఉన్న స్ప్రింగు తక్కెడను దూలానికి కట్టి, దాని కొక్కేనికి గుడ్డ జోలె తగిలించి, అందులో బిడ్డను కూర్చోబెడతారు. ముల్లు ఒక్కచోట నిలవదు. బిడ్డ కాళ్లు తన్నుకుంటుంది, ఏడుస్తుంది, తల్లి చేయి తీయలేక తీయలేక తీస్తుంది. టీచరమ్మ ముల్లు కాస్త నెమ్మదించే క్షణం కోసం ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఆ తక్కెడ మీద గీతలు 100 గ్రాములకు ఒకటి. పోయిన నెలకూ ఈ నెలకూ బిడ్డ 60 గ్రాములు పెరిగిందనుకోండి. పెరుగుదల నిజం. కానీ ఆ తక్కెడ దాన్ని పట్టదు. ఆ తక్కెడకు అది మెజరబుల్ కాదు. అదే బిడ్డను సన్నగీతల తక్కెడలో వేస్తే అవుతుంది.

అంటే మెజరబుల్ అన్నది వస్తువు గుణం ఒక్కటే కాదు, చేతిలో ఉన్న తక్కెడ గుణం కూడా. ఇది మనసుకు పట్టాలి. "కొలతకు అందలేదు" అని ఎవరైనా చెబితే, ఏ తక్కెడకు అని అడగండి. "కొలతకు అందేంత మెరుగుదల ఉంది" అని మీరే రాయబోతుంటే, ముందు మీ తక్కెడ గీతలు ఎంతెంత దూరంలో ఉన్నాయో చూసుకోండి. 40 మంది చదివే బడిలో హాజరు 1 శాతం పెరిగిందని రాసిన నివేదికలు నా చేతిమీదుగా వెళ్లాయి. 40 మందిలో 1 శాతమంటే సగం పిల్లాడు కూడా కాదు. ఒకడికి జ్వరం తగ్గి బడికొస్తే ఆ అంకె మారిపోతుంది. కొలతకు హద్దు ఉంటుందన్న సంగతిని గణితంలో నిలబెట్టినవాళ్లలో మన తెలుగాయన ఉన్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్.రావు గారు, 1945లో, పాతికేళ్ల వయసులో ఒక పత్రం రాశారు. చేతిలో ఉన్న సమాచారంతో, ఏ పక్కకూ మొగ్గని అంచనా ఒకటి ఎంత ఖచ్చితంగా ఉండగలదో దానికి ఒక హద్దు ఉందనీ, ఎంత తెలివైన పద్ధతి వాడినా దాన్ని దాటలేమనీ అందులో చూపించారు. క్రామర్–రావు హద్దు అని ప్రపంచమంతా దాన్ని చదువుకుంటోంది. అంకెలతో వందేళ్లు బతికిన మనిషే అంకెకు హద్దు గీశారు. మన నివేదికలకు మాత్రం హద్దు గీత ఉండదు.

కార్యకర్తలను ప్రశ్న అడిగేటప్పుడు మెజరబుల్ అనకండి, దాని తెలుగు కూడా వాడకండి. మనకు మూడు క్రియలున్నాయి. కోళ్లను లెక్కపెడతాం, పాలు కొలుస్తాం, బెల్లం తూస్తాం. ఇంగ్లీషు మాట మూడింటినీ ఒక గంపలో వేస్తుంది. "ఏం లెక్కపెట్టావు, ఏం కొలిచావు, ఏం తూచావు" అని విడివిడిగా అడిగితే జవాబులు విడివిడిగా వస్తాయి. ఆ తర్వాత "ఏం చూశావు" అని అడగండి. మంచి జవాబు సాధారణంగా ఆ నాలుగోదానికి వస్తుంది.

కొలతలంటే నాకు గిట్టదని అనుకోకండి. సోల, తవ్వ, మానిక, కుంచం అని ఉన్న రోజుల్లో ఒక సీమ మానిక ఇంకో సీమ మానికకు సరిపోయేది కాదు. నష్టపోయింది ఎప్పుడూ అమ్ముకునే రైతో, కొనుక్కునే కూలివాడో. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి దేశమంతా కిలో, లీటరు, మీటరు అయ్యాయి. ఇవాళ సంత తక్కెడ మీద ముద్ర చూసే హక్కు మనకుందంటే అలాంటి చట్టాలవల్లే. బీదవాడికి సరైన తూకం అన్నం లాంటిది. కొలతను అంతగా ప్రేమిస్తాను గనకే, దాన్ని తప్పుడు చోట నిలబెట్టడం చూడలేకపోతున్నాను.

ఒక్కచోట మాత్రం నా సలహాలన్నీ పక్కన పెట్టేయండి. మందు పోసేచోట. పసిపిల్లల జ్వరానికిచ్చే పారాసిటమాల్ చుక్కల సీసా వేరు, సిరప్ సీసా వేరు. చుక్కల్లో సాధారణంగా 1 మి.లీ.కు 100 మి.గ్రా. మందు ఉంటుంది, సిరప్‌లో 5 మి.లీ.కు 125 మి.గ్రా. చుక్కల మందును సిరప్ అనుకుని 5 మి.లీ. పోస్తే బిడ్డ కడుపులోకి నాలుగింతలు పోతుంది. పెద్దబిడ్డల కోసం 5 మి.లీ.కు 250 మి.గ్రా. ఉన్న సిరప్ కూడా ఉంటుంది. ఇంట్లో చెంచా ఒక్కొక్కటి ఒక్కో లోతు. సీసాతో వచ్చిన మూతో, గీతలున్న సిరంజో వాడండి. అక్కడ అంకె తప్ప ఇంకేం మాట్లాడకూడదు. ఎంత మందు ఎన్నిసార్లు అన్నది డాక్టరునే అడగండి.

ఇక స్మార్ట్ గురించి. లక్ష్యాలు రాసే ఆ అయిదక్షరాల సూత్రం 1981 నవంబరులో మేనేజ్‌మెంట్ రివ్యూ అనే అమెరికా పత్రికలో వచ్చింది. రాసింది జార్జ్ డొరన్. అందులో రెండో అక్షరం మెజరబుల్‌ది. మూడోదాన్ని ఇప్పుడు అచీవబుల్ అంటున్నారు గానీ, ఆయన రాసింది అసైనబుల్, పని ఎవరిదో చెప్పమని. ఇంకో రెండు సంగతులు శిక్షణ తరగతుల్లో చెప్పరు. మెజరబుల్ దగ్గర ఆయన అంకె అయినా వేయండి, లేకపోతే కనీసం పని ముందుకు సాగుతోందని తెలిపే గుర్తునైనా చూపించండి అన్నారు. ప్రతి లక్ష్యానికీ అయిదు లక్షణాలూ ఉండి తీరాలనేమీ లేదని కూడా అదే వ్యాసంలో రాశారు. కాబట్టి మీ వాక్యాన్ని కొట్టేసి అంకె వేయమంటే, ఆ సూత్రం పుట్టిన కాగితం మీదే దానికి సడలింపు ఉందని మర్యాదగా చెప్పండి. గడప దాకా రావడం గుర్తు. పేరు చెప్పడం గుర్తు. "కొలవలేనిదాన్ని నడపలేం" అని ఎడ్వర్డ్స్ డెమింగ్ అన్నారంటూ గోడలకు అంటించిన కాగితాలు కూడా చూశాను. 1950 నుంచి జపాన్ పరిశ్రమలకు గణాంకశాస్త్రం నేర్పిన ఆ పెద్దాయన చెప్పింది సరిగ్గా దానికి ఎదురు. అలా అనుకోవడం ఖరీదైన భ్రమ అన్నారు. కంటికి కనబడే అంకెలొక్కటే పట్టుకుని సంస్థను నడపడాన్ని ప్రాణం తీసే జబ్బుల్లో ఒకటిగా లెక్కగట్టారు. తీసేయగలిగితే ఆ కాగితం గోడ మీంచి తీసేయండి.

అంకె పెరిగినప్పుడు సంతోషించకండి. ఇది అందరికీ మింగుడుపడని సలహా. మీటింగు హాజరును మా లక్ష్యంగా పెట్టుకున్న ఏడు అంకె బ్రహ్మాండంగా పెరిగింది. రెండింతలు దాటింది. నేనే ఆ నివేదికను ముచ్చటపడి రాశాను. తర్వాత ఒక ఊరికి వెళ్లి చూస్తే, మీటింగు పింఛన్ల రోజుకు మారి ఉంది. అప్పట్లో ఆడవాళ్లంతా పింఛను కోసం ఎలాగూ పంచాయతీ ఆఫీసుకు వచ్చేవారు. అరుగు మీద రిజిస్టరు, పక్కన ఇంకు పెట్టె. వచ్చినావిడ వచ్చినట్టే వేలిముద్ర వేసి, ఆ నీలం వేలిని గోడకు తుడిచి వెళ్లిపోతోంది. గోడంతా నీలం చారలు. కార్యకర్త మోసగత్తె కాదు. మేం అడిగింది ఆమె ఇచ్చింది. 1975లో చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ ద్రవ్యవిధానం గురించి రాస్తూ గమనించిన సంగతి ఇదే. ఒక సూచిక మీద అదుపు కోసం ఒత్తిడి పెడితే, అప్పటిదాకా అది చెబుతూ వచ్చిన నిజం చెదిరిపోతుంది. అక్కడి ద్రవ్యవిధానం గురించి ఆయన చెప్పింది మా పంచాయతీ గోడ మీద చారలుగా కనబడింది. అంకెను వడ్లు కొలిచినట్టు కొలవండి, ఇలవేల్పును కొలిచినట్టు కొలవకండి. అంకె పెరిగిన రోజున బండెక్కి ఆ ఊరికి వెళ్లండి. తగ్గిన రోజున వెళ్లకపోయినా పర్వాలేదు, తగ్గినదాన్ని ఎవరూ కష్టపడి తయారుచేయరు.

అంకె పక్కన మాట రాస్తే అంకె చెడిపోతుందని భయపడే ఆఫీసర్లున్నారు. వాళ్లకు మా తాతయ్య కళ్లం గురించి చెప్పాలనిపిస్తుంది. కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు ఆయన ఒకటి అనేవాడు కాదు. "లాభం" అని మొదటి కుంచం పోసి, రెండు, మూడు అని సాగేవాడు. ఆరు తర్వాత "ఆరున్నొకటి" అనేవాడు, ఏడు అంటే ఏడుపు మాట నోట్లోకి వస్తుందని. ఆ తర్వాత ఎనిమిది. ఆ వరసలో ఒక ఆశ ఉంది, ఒక భయం ఉంది. లెక్కలో గింజ తేడా రాలేదు. సంతలో కూరగాయలావిడ సరిగ్గా తూచి, ముల్లు నిలిచాక, ఇంకో గుప్పెడు కొసరు వేస్తుంది. కొసరు తూకంలోకి రాదు. తూకం తప్పని కూడా ఎవరూ అనరు. మీ నివేదికలోనూ అలాగే అంకెలన్నీ నిక్కచ్చిగా తేల్చి, కింద మూడు లైన్లు కొసరు వేయండి. అడగకపోయినా వేయండి.

కాగితం ఫారమైతే వెనక పేజీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అక్కడ రాసి, ముందు పేజీలో మెజరబుల్ గడి పక్కన బాణం గుర్తు వేసి "వెనక చూడండి" అనండి. ఆన్‌లైన్ ఫారమైతే చివర్న రిమార్క్స్ అని చిన్న గడి ఉంటుంది. మాది 250 అక్షరాలకు మించి తీసుకునేది కాదు. అందులో ఒక మనిషి పడుతుంది. ఆ పెద్దావిడ మళ్లీ రాయడం మొదలుపెట్టాక, ఆ గడిలో నేను మొదట పెట్టింది ఇది: "మీటింగుకు ఎన్నడూ రాని ఒకావిడ గడప దాకా వచ్చి, అత్తగారు వింటుండగా తన పేరు తనే చెప్పింది. పొదుపు పుస్తకం అట్ట మీద ఆ పేరే రాశాం. భర్త పేరు కింద రాయమంది, చిన్న అక్షరాలతో."